ముప్పయ్యారేళ్ళకు మళ్ళీ బ్యాటు

సినిమా గురించి ఏదైనా రాయమని మన పత్రిక వారు అడిగినప్పుడు ముందు నవ్వొచ్చింది. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, జీవితంలో మూడు వంతులు లెడ్జరు ముందరే గడిపినవాణ్ణి. నాకు కథానాయకుడి కంటే క్యాష్ బుక్కే దగ్గరి చుట్టం. అయినా 2019లో చూసిన ఒక్క సినిమా మాత్రం ఇంకా నన్ను వదిలిపెట్టలేదు. దాని పేరు 'జెర్సీ'. ఎందుకు వదల్లేదో చెప్పుకుంటే కొంచెం భారం తగ్గుతుందేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ ఏప్రిల్ నెల మన హోసూరు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 15వ తేదీన ప్రపంచ కప్పుకు భారత జట్టును ప్రకటించారు. మన అంబటి రాయుడికి చోటు దక్కలేదు. తమిళనాడు ఆటగాడు విజయ్ శంకర్‌కు దక్కింది. బస్టాండు దగ్గర టీ అంగడిలో రెండు రోజులు పెద్ద పంచాయితీ. తమిళ మిత్రులు ఒక పక్క, మనవాళ్ళు ఒక పక్క. పైగా సెలక్షన్ కమిటీ పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరు మనిషే కావడంతో ఎవరిని తిట్టాలో మనవాళ్ళకు పాలుపోలేదు. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, 19న, ఈ సినిమా విడుదలైంది. సెలక్షన్ కాని క్రికెటర్ కథ! మా అబ్బాయి పట్టుబట్టి మమ్మల్నిద్దరినీ తీసుకుపోయాడు.

దర్శకుడు గౌతమ్ తిన్ననూరి, కథానాయకుడు నాని. చూసినవాళ్ళు క్షమించాలి, చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. అర్జున్ హైదరాబాదు రంజీ ఆటగాడు. గొప్ప బ్యాట్స్‌మన్. 1986లో, ఇరవయ్యారేళ్ళ వయసులో, ఉన్నట్టుండి ఆట మానేస్తాడు. పదేళ్ళు గడుస్తాయి. క్రీడాకారుల కోటాలో వచ్చిన ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగం చెయ్యని తప్పుకు సస్పెన్షన్‌లో ఉంటుంది. భార్య సారా హోటల్లో రిసెప్షనిస్టుగా పనిచేసి ఇల్లు నడుపుతూ ఉంటుంది. చిన్న కొడుకు పుట్టినరోజుకు భారత జట్టు జెర్సీ కావాలంటాడు. వెల 500 రూపాయలు. ఆ 500 ఈయన దగ్గర లేవు.

అంతే కథ. తర్వాత ముప్పయ్యారేళ్ళ మనిషి మళ్ళీ బ్యాటు పట్టడం, రంజీ జట్టులోకి రావడం, పరుగుల వరద ఉంటాయి. నిజం చెప్పాలంటే నాకు ఆ వరద కొంచెం ఎక్కువైందనిపించింది. ప్రతి మ్యాచిలోనూ ఈయనే కొడుతూ ఉంటే మిగిలిన పదిమందీ హైదరాబాదు జట్టులో ఎందుకున్నట్టు? నన్ను కట్టిపడేసింది మొదటి గంట. 500 రూపాయల కోసం ఒక మగవాడు తిరిగిన తిరుగుడు.

1996లో నాకు సరిగ్గా ఇరవయ్యారేళ్ళు. ఉద్యోగంలో కొత్త. ఆ ఏడాది మార్చి 9న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియంలో భారత్, పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. మన ఊరికి నలభై కిలోమీటర్లే. టికెట్టు దొరక్క ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నాం. అమీర్ సొహైల్‌ను వెంకటేశ్ ప్రసాద్ బౌల్డ్ చేసినప్పుడు వీధి వీధంతా అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది. పిల్లలు ఆ రంగు చొక్కా కోసం ఎందుకు పడి చచ్చేవాళ్ళో ఆ తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 500 రూపాయల నోటు వచ్చింది 1987లో. తొంభైల్లో కూడా కౌంటరులో ఎవరైనా ఆ నోటు ఇస్తే వెలుతురుకు పట్టి చూసి, పక్కనున్న వాడికి కూడా చూపించి తీసుకునేవాళ్ళం. సామాన్యుడి జేబులో అది ఊరకే ఉండే నోటు కాదు.

ఇక సస్పెన్షన్ అంటే ఏమిటో ఉద్యోగం చేసినవాళ్ళకే తెలుస్తుంది. జీతం ఆగిపోతుంది. దాని బదులు జీవన భత్యం అని కొంత ఇస్తారు. పేరులోనే ఉంది, జీవం పోకుండా ఉండేందుకన్నమాట. విచారణ నెలలూ ఏళ్ళూ సాగుతుంది. ఆ మనిషి ఉద్యోగీ కాడు, నిరుద్యోగీ కాడు. పొద్దున్నే తల దువ్వుకుని ఎక్కడికి పోవాలో తెలియదు. సినిమాలో లంచం ఇస్తే ఉద్యోగం తిరిగి వస్తుందంటారు. ఇవ్వనంటాడు. పట్టుదల మంచిదే, కానీ దాని ఖర్చు సారా జీతంలో నుంచి పోతుంది. ఒక రోజు భార్య పర్సులో చెయ్యి పెడతాడు. ఆవిడ చూస్తుంది. హాల్లో ఒక్కరూ కిక్కురుమనలేదు. ఇంకొక రోజు పిల్లవాడు మళ్ళీ జెర్సీ మాట ఎత్తితే చెయ్యి చేసుకుంటాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు, కానీ ఆయనకూ ఎప్పుడో ఒక 500 లేకపోయి ఉంటుంది.

రంజీ జట్టులో పేరు వచ్చిందని తెలిసిన రోజు అర్జున్ రైల్వే స్టేషనుకు పోతాడు. రైలు వచ్చే చప్పుడులో తన అరుపు ఎవరికీ వినపడకుండా గొంతు చించుకుని అరుస్తాడు. పదేళ్ళుగా గొంతులో ఉన్నదంతా ఆ ఒక్క అరుపులో పోతుంది. నాని అంత బాగా నటించిన దృశ్యం నేను ఇంకొకటి చూడలేదు. (కృష్ణగిరి వాళ్ళు అట్లా అరవాలన్నా రైలు కోసం మన హోసూరుకే రావాలని మా అబ్బాయి ఎగతాళి చేశాడు. పాపం, ఆ ఊరికి రైలు లేని మాట నిజమే.)

ఇంకొకటి గమనించాను. కోచ్ మూర్తిగా వేసిన సత్యరాజ్ తమిళనటుడు, కోయంబత్తూరు వైపు మనిషి. సంగీతం అనిరుధ్, ఆయనా తమిళుడే. సారాగా వేసిన శ్రద్ధా శ్రీనాథ్‌కు పేరు తెచ్చింది 2016లో వచ్చిన కన్నడ 'యూ టర్న్'. కథ తెలుగు. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి, సంత మాట ఒకటిగా బతికే మనకు ఇంతకంటే మన సినిమా ఏముంటుంది? 67వ జాతీయ పురస్కారాల్లో దీనికి ఉత్తమ తెలుగు చిత్రంగానూ, నవీన్ నూలికి ఎడిటింగుకూ బహుమతులు వచ్చాయని 2021లో ప్రకటించారు. 2022లో ఇదే దర్శకుడు హిందీలో షాహిద్ కపూర్‌తో తీశారు. అది నేను చూడలేదు.

ముప్పయ్యారేళ్ళకు బ్యాటు పట్టడం సినిమాల్లోనే సాధ్యమని కొట్టిపారేసే వాళ్ళకు ఒక్క మాట. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం తన మొట్టమొదటి టెస్టు ఆడింది. ఆ రోజు జట్టును నడిపించిన సి.కె. నాయుడుకు వయసు ముప్పయ్యారే. కొఠారి కనకయ్య నాయుడు 1895లో నాగపూరులో పుట్టాడు. మనలాగే ఆంధ్రదేశం వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబం. మిగిలినవాళ్ళు బ్యాటు మూల పెట్టే వయసులో ఆయన టెస్టు ఆట మొదలైంది. అరవై దాటిన తర్వాత కూడా రంజీ మ్యాచి ఆడాడు. హోల్కర్ జట్టుకు ఆడే రోజుల్లో, యాభై దాటాక, బంతి మూతికి తగిలి పళ్ళు ఊడితే వాటిని పక్కకు నెట్టి ఆట కొనసాగించాడని చెప్పుకుంటారు.

అర్జున్‌కు అసలైన చుట్టాలు మాత్రం నాయుడు కాదు. హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్ కన్వల్‌జీత్ సింగ్ ఉన్నాడు. ఏళ్ళ తరబడి రంజీలో వికెట్లు తీశాడు, నలభై దాటాక కూడా ఆడాడు, భారత జట్టు చొక్కా వేసుకోలేదు. బొంబాయి అమోల్ మజుందార్ మొదటి రంజీ మ్యాచిలోనే 260 కొట్టాడు, మొత్తం మీద 11 వేలకు పైగా పరుగులు చేశాడు, ఆయనకూ ఆ చొక్కా రాలేదు. 2025 నవంబరు 2న మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు వాళ్ళ కోచ్ ఆయనే. ఇంకో చిత్రం చూడండి. హైదరాబాదు రంజీ గెలిచింది రెండే రెండుసార్లు, 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి. అంటే సినిమాలో అర్జున్ ఆట మానేసిన సీజన్‌లోనే! దర్శకుడు కావాలని పెట్టాడో లేదో గానీ, లెక్కలు చూసే అలవాటున్నవాడి కంటికి అది పడకుండా ఉండదు.

మా కామర్సులో తరుగుదల అని ఒక పద్దు ఉంది. యంత్రం కొంటే ఏటా ఇంత శాతం అని విలువ తగ్గించి రాస్తాం. చివరికి పుస్తకంలో ఒక్క రూపాయి మిగులుతుంది. కానీ కిందికి దిగి చూస్తే యంత్రం తిరుగుతూనే ఉంటుంది. మన హోసూరులో ఫ్యాక్టరీలకు అప్పులిచ్చే పని మీద పోయినప్పుడు అట్లాంటి ఒక్క రూపాయి యంత్రాలు ఎన్నో చూశాను. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి.

కృష్ణగిరి వైపు ఒక శాఖలో నేను మేనేజరుగా ఉన్నప్పుడు క్యాష్ కౌంటరులో ఒకాయన ఉండేవాడు. వేపనపల్లి దగ్గర పల్లెటూరు, మన తెలుగువాడే. వాలీబాల్ కోటాలో ఉద్యోగం వచ్చింది. మొదట్లో బ్యాంకు జట్టుకు ఆడాడు, తర్వాత జట్టు లేదు. మనిషి మాత్రం నిలువెత్తున ఉండేవాడు, నోట్లు లెక్కపెట్టేందుకు కౌంటరు మీదికి వంగి వంగి వీపు నొప్పి తెచ్చుకున్నాడు. ఒక మార్చి నెలలో నా గదికి వచ్చాడు.

"సార్, పది దినాలు లీవు కావాల. ముప్పయ్యైదు దాటినోళ్ళకు టోర్నమెంటు పెట్టినారు. మా పాత టీమోళ్ళంతా పోతాండారు."

"ఏమప్పా, మార్చి నెలలో పది దినాలా? క్లోజింగు ఎవరు చేస్తారు?" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఈ వయసులో ఎగిరి మోకాలు విరగ్గొట్టుకుంటావా?" అని కూడా అన్నాను.

"సరే సార్" అని పోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నాకు అప్పుడు అది తప్పని తట్టనే లేదు. క్లోజింగు లెక్క పైసాతో సహా సరిపోయింది.

రైల్వే స్టేషను దృశ్యం చూస్తుంటే ఆ "సరే సార్" చెవిలో పడింది.

సినిమా ముగింపు తెలిసిందే. అర్జున్ గుండె లయ తప్పే జబ్బు వల్లే అప్పట్లో ఆట మానేశాడని, ప్రాణం మీదికి వస్తుందని తెలిసీ మళ్ళీ ఆడాడని చివర్లో బయట పడుతుంది. మనిషి పోతాడు. హాల్లో చప్పట్లు, కన్నీళ్ళు. ఇంటికి వచ్చే దారిలో మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "కొడుక్కు నాయన గొప్పవాడని తెలిసింది, లోకానికి తెలిసింది, సరేనండీ. పదేళ్ళు ఇంటి అద్దె కట్టింది ఎవరు? ఆయన పోయినాక కట్టింది ఎవరు?"

నా దగ్గర జవాబు లేదు. పోయినవాళ్ళ ఖాతాల సొమ్ము నామినీలకు ఇచ్చే పని నేను ఎన్నోసార్లు చేశాను. ఆడమనిషి చేతిలో మరణ ధ్రువపత్రం పట్టుకుని వస్తుంది. ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం అంటాం. ఆ ఫారంలో పోయినాయన ఏ ఆటలో గెలిచాడో రాసేందుకు గడి ఉండదు. అందుకని అర్జున్ చేసింది ఒప్పని నేను అనలేను. కానీ ఆడకుండా బతికిన ఆ పదేళ్ళు ఆయన ఎట్లా ఉన్నాడో కూడా సినిమా చూపించింది. దాన్ని బతుకని అనడానికీ నోరు రాదు. మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు. మా అబ్బాయి మాత్రం అమ్మ పక్షమే.

ఆ మరుసటి నెల ఫోను నంబరు సంపాదించి వేపనపల్లి మనిషికి ఫోన్ చేశాను. అప్పటికి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఊళ్ళో మామిడి తోట చూసుకుంటున్నాడు. ఆదివారం రమ్మన్నాడు. పోయాను. తోట పక్క చదును చేసిన నేల మీద నెట్టు కట్టి పది పన్నెండు మంది పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించాడు. నేను ఆ లీవు మాట ఎత్తాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుని పోయాను గానీ అక్కడ సగమే వచ్చాయి.

"అది ఇంకా మనసులో పెట్టుకోనుండారా సార్?" అన్నాడు. కాసేపు నెట్టు వైపు చూశాడు. "ఆ టోర్నమెంటులో మావోళ్ళు సెమీఫైనల్లో ఓడిపోయిరి. రెండు పాయింట్లు తక్కువ. నేనుండింటే గెలిచేవాళ్ళమని ఇప్పుటికీ ఫోన్ చేసి అంటారు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మజ్జిగ గొంతు దిగలేదు.

అంతలో ఒక పిల్లవాడు బంతి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. లుంగీ ఎగ్గట్టి, గీత దగ్గరికి పోయి, బంతి పైకి వేసి కొట్టాడు. నెట్టుకు తగిలి ఇటే పడింది. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వి ఇంకొక బంతి అడిగాడు.