ఇసుకగోతి యొడ్డు

ఇసుక, కంకర త్రవ్వు గోతిలో నిటారుగా నిలిచిన యొడ్డును జూచి గట్టిదని నమ్మరాదు. పొడియిసుక 30 మొదలు 35 డిగ్రీల వాలుననే, అనగా మూరెడెత్తునకు సుమారు మూరన్నర వాలుగానే నిలుచును. తడియిసుకలో పలుచని నీటిపొర రేణువులను బంధించుటచే ఒడ్డు నిటారుగా నిలుచును. ఎండకు తడి యాఱినను, వానకు నీరు మిక్కుటమైనను ఆ బంధము వీడును. ఒడ్డు హఠాత్తుగా కూలును.

దిగుటకు ముందు మూఁడు సంగతులు చూడవలయును: పైనేల నెఱ్ఱెలు విచ్చినదా? అడుగున నీరూరుచున్నదా? మొదలు తొలువబడి పైభాగము వ్రేలుచున్నదా? ఒక్కటి కనబడినను దిగరాదు. త్రవ్విన మన్ను అంచున పోయరాదు, బండి నిలుపరాదు.

1961 నాటి గనుల నిబంధనలు ఇట్టి నేలలో వాలు 45 డిగ్రీలు మించరాదనియు, మెట్లుగా త్రవ్వినచో మెట్టెత్తు 1.5 మీటరు మించక, వెడల్పు అంతకు తగ్గరాదనియు విధించినవి. పొడియిసుకకు 45 డిగ్రీలును ఎక్కువయే. కూలీలు దిగకమునుపే ఈ మాట వారికి చెప్పుట పెద్దల విధి.