బ్లాక్ బెల్టు – తొలి మెట్టు

ఇటీవల మైదుకూరు ప్రాంతము నుండి మాకు ఒక జాబు వచ్చినది. వ్రాసిన వారు పసుపు పండించు రైతు. వారి పండ్రెండేండ్ల కుమార్తె ఏడాది కాలముగా కరాటే నేర్చుకొనుచున్నది. ఆ ఏడాదిలోనే ఆమె నడుమున తెలుపు పోయి పసుపు, పసుపు పోయి ఆకుపచ్చ, అటుపిమ్మట గోధుమరంగు బెల్టు వచ్చినవి. వచ్చు నెలలో బ్లాక్ బెల్టు పరీక్ష యున్నదనియు, రుసుము ముందుగా కట్టవలెననియు శిక్షకులు కబురు చేసిరట. అది చిన్న మొత్తము కాదు. 'పంట అమ్మిన డబ్బులో నుండి తీసి కట్టవలెను. ఈ బెల్టు వలన మా పాపకు ఏమి మేలు? కట్టమందురా, వద్దందురా?' అని ఆ తండ్రి అడిగిరి. జాబు అడుగున పిల్ల చేతివ్రాతలో రెండు పంక్తులు ఉన్నవి: 'సార్, నాకు ఐదో కటా ఇంకా సరిగ్గా రాదు. అయినా బెల్టు ఇస్తారంట. తీసుకోవచ్చా?'

తండ్రి అడిగినది మంచి ప్రశ్న. బిడ్డ అడిగినది అంతకంటె లోతైనది. కడప–నంద్యాల మార్గమును, ప్రొద్దుటూరు–బద్వేలు మార్గమును కలియు ఆ యూరినుండి వచ్చిన ఈ ప్రశ్న, జమ్మలమడుగులోను, పులివెందులలోను ఉన్న తలిదండ్రులకును చెందినదే. నేడు చిన్న పట్టణములందును తెల్లని దుస్తులు ధరించిన పిల్లలు పిడికిళ్లు బిగించి వరుసలు తీరుట కానవచ్చును. కావున ఈ విద్య యేమి, ఈ బెల్టు యేమి, దానికి పట్టు కాలమెంత యను విషయములను కొంత వివరింప బూనుచున్నాము.

కరాటే ఒకినావా దీవిలో పుట్టిన విద్య. ఆ దీవి నేడు జపానులో భాగమైనను, 1879 వరకు ర్యూక్యూ అను ప్రత్యేక రాజ్యముగా ఉండినది. అక్కడి దేశీయమైన చేతి పోరును, వర్తకము ద్వారా చైనా నుండి వచ్చిన పోరు విద్యలును కలిసి కరాటే యైనవి. చాలకాలము గురువులు కొద్దిమంది శిష్యులకు మాత్రమే దానిని గోప్యముగా నేర్పుచుండిరి. ఇతోసు అంకో అను గురువు 1901 ప్రాంతమున దానిని ఒకినావా పాఠశాలలలో ప్రవేశపెట్టెను. బాలురకు కఠినమైన పాఠములు తగవని తలచి, ఆయన ఐదు చిన్న పాఠములను కూర్చెను. ఒకినావాలో వానిని పినాన్ అనియు, తరువాత జపానులో హేయాన్ అనియు పిలిచిరి. శాంతి, క్షేమము అని ఆ మాటకు అర్థము. మన పిల్ల వ్రాసిన 'ఐదో కటా' ఆ ఐదింటిలో చివరిదని తోచుచున్నది.

ఇతోసు శిష్యుడును, బడిపంతులును అయిన ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో ఈ విద్యను ప్రదర్శించి, అక్కడనే నిలిచి ప్రచారము చేసెను. మొదట 'కరా' అను శబ్దమును చైనాను సూచించు అక్షరముతో వ్రాయుచుండిరి. 1930లలో అదే ఉచ్చారణ గల వేరొక అక్షరమును గ్రహించిరి. దానికి 'ఖాళీ' అని అర్థము. నాటి నుండి కరాటే యనగా ఆయుధము లేని చేయి.

దక్షిణ భారతము నుండి వెళ్లిన బోధిధర్ముడే చైనా సన్యాసులకు పోరు నేర్పెననియు, కావున కరాటే మనదేననియు కొందరు చెప్పుదురు. బోధిధర్ముడు భారతదేశమునుండి వెళ్లినాడను ప్రసిద్ధి పురాతనమైనదే. కాని ఆయన వ్యాయామ విద్య నేర్పెనను కథ 17వ శతాబ్దపు చైనా గ్రంథము నుండి వ్యాపించినది. చరిత్రకారులు దానిని అంగీకరింపరు. మనకు సాముగరిడీలు, కర్రసాము ఉండనే యున్నవి. మన గౌరవమునకు ఆ కథ అక్కరలేదు.

మన ప్రాంతములందు యువకుల దృష్టి ఈ విద్యలవైపు మరలుటకు సినిమాలు ముఖ్య కారణము. 1973లో వెలువడిన 'ఎంటర్ ది డ్రాగన్' బ్రూస్ లీని ఇంటింటి పేరు చేసినది. ఆయన నేర్చినది చైనా విద్యయే గాని కరాటే కాదు. అయినను ఆయనను చూచి కరాటే తరగతులలో చేరినవారు అసంఖ్యాకులు. 1980లలో సుమన్, భానుచందర్ వంటి నటులు తెలుగు తెరమీద ఈ పోరును చూపిరి. తెరమీద మూడు గంటలలో ముగియు సాధనకు నేలమీద ఏండ్లు పట్టునను మాట మాత్రము అంతగా ప్రచారము కాలేదు.

ఇక బెల్టు సంగతి. తెల్ల బెల్టు ఏండ్ల తరబడి చెమటతోను ధూళితోను మాసి నల్లబడినదే బ్లాక్ బెల్టు అని ఒక ముచ్చటైన కథ ప్రచారములో ఉన్నది. అది నిజము కాదు. 1882లో జూడో విద్యకు కొదోకాన్ పాఠశాలను స్థాపించిన కానో జిగొరో అను విద్యావేత్త, 'గో' అను పలక ఆటలో ఆటగాండ్రకిచ్చు 'దాన్' అను శ్రేణులను తన విద్యార్థులకు వర్తింపజేసెను. 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి దాన్ ఇచ్చెను. కొన్నేండ్లకు ఆ శ్రేణి వారికి నల్ల బెల్టు గుర్తుగా వచ్చినది. ఫునాకోషి ఆ పద్ధతిని గైకొని 1924లో కరాటేలో తొలి దాన్ పట్టములను ఇచ్చెను. పసుపు, నారింజ, ఆకుపచ్చ మొదలగు పెక్కు రంగులు ఆ తరువాత ఐరోపాలో జూడో నేర్పువారి వలన వ్యాపించినవి. ఒక్కసారిగా దూరము నడువలేని విద్యార్థికి అవి మైలురాళ్లవలె ఉపకరించును. రంగుల వరుస సంప్రదాయమును బట్టి మారుచుండును. షోతోకాన్, గోజూ, షితో, వాదో మొదలగు సంప్రదాయములు వేరువేరు.

బ్లాక్ బెల్టులో మొదటి శ్రేణిని 'షోదాన్' అందురు. 'మొదటి మెట్టు' అని దాని అర్థము. లోకము దానిని శిఖరమని తలచుచున్నది. దానికి పేరు పెట్టినవారు మాత్రము గడప యనిరి. అక్షరాభ్యాసము ముగిసి, ఇక చదువు మొదలిడవచ్చునని గురువు చెప్పుటయే షోదాన్.

ఆ అక్షరాభ్యాసములో మూడు భాగములు కలవు. మొదటిది 'కిహోన్', అనగా మూలాభ్యాసము: నిలుచుట, గ్రుద్దుట, తన్నుట, దెబ్బను అడ్డుకొనుట. చూచుటకు గ్రుద్దు చేతితో పుట్టినట్లుండును. నిజమునకు అది నేలను అదిమిన పాదము నుండి పుట్టి, నడుము త్రిప్పుటతో బలము గొని, భుజము మీదుగా పిడికిలిని చేరవలెను. ఒక చేయి ముందుకు పోవునపుడు రెండవది నడుము చెంతకు రావలెను. పిడికిలి చివరి క్షణమున తిరిగి, చూపుడువ్రేలి, నడిమివ్రేలి కణుపులతో తాకవలెను. ఊపిరి ఆ క్షణముననే వెలువడవలెను. ఇవన్నియు ఒక్క రెప్పపాటులో, తలంపు లేకుండ జరుగవలెను. అందులకే వేలమార్లు చేయింతురు.

రెండవది 'కటా'. ఊహించుకొన్న శత్రువులతో నిర్ణీత క్రమమున చేయు పోరు ఇది. షోతోకాన్ పద్ధతిలో మొదటి హేయాన్ కటాలో 21 కదలికలు ఉన్నవి. విద్యార్థి ఎడమకు తిరిగి, చేతిని క్రిందికి విసరి దెబ్బను తప్పించి, ఒక అడుగు ముందుకు వేసి గ్రుద్దును. అక్కడనుండి దిక్కులు మారుచు, తుదకు బయలుదేరిన చోటికే తిరిగి వచ్చును. వరుస కంఠస్థమైనంత మాత్రమున కటా వచ్చినట్లు కాదు. ప్రతి కదలిక ఎందులకో తెలియవలెను. పద్యము అప్పజెప్పుటకును, దాని అర్థము చెప్పుటకును గల భేదము ఇచటను కలదు.

మూడవది 'కుమితే', ఎదురెదురుగా నిలిచి చేయు పోరు. మొదట చెప్పి కొట్టు దెబ్బను అడ్డుకొందురు. పిదప స్వేచ్ఛగా పోరుదురు. దెబ్బను ప్రత్యర్థి శరీరమునకు చేరువలో ఆపగలుగుట ఇందలి గొప్ప పరీక్ష. బలమున్నవాడు కొట్టగలడు, నేర్చినవాడు మాత్రమే ఆపగలడు.

ఇవి మూడును కుదురుటకు, వారమునకు రెండు మూడు దినములు తప్పక సాధన చేయువారికి సాధారణముగా మూడు మొదలు ఐదు సంవత్సరములు పట్టును. గోధుమరంగు బెల్టులోనే పెక్కు సంప్రదాయములందు మూడు అంతరములు కలవు. చిన్నపిల్లలకు ఇచ్చు బెల్టును పలు సంస్థలు 'జూనియర్' పట్టముగా పరిగణించి, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట మరల పరీక్షించును. ఏడాదిలో ఇచ్చు బ్లాక్ బెల్టు ఎట్టిదో దీనిని బట్టి శ్రోతలే గ్రహింపగలరు.

తొందరపాటు బెల్టు వలన డబ్బు నష్టమే గాక వేరొక కీడు కలదు. తనకు లేని బలము ఉన్నదని నమ్మిన పిల్ల, పారిపోవలసిన చోట నిలుచును. ఆత్మరక్షణలో మొదటి పాఠము అపాయమును ముందే గుర్తించుట. రెండవది కేకవేసి తప్పుకొనుట. గ్రుద్దు అన్నిటికంటె చివరిది. ప్రభుత్వ పాఠశాలలలో 6 మొదలు 12వ తరగతి వరకు చదువు బాలికలకు సమగ్ర శిక్షా పథకము క్రింద ఇచ్చు ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలలది. అది అక్కరకు వచ్చునదే. కాని దానిని బ్లాక్ బెల్టుతో పోల్చరాదు.

మరి తలిదండ్రులు మంచి శిక్షణను ఎట్లు గుర్తింపవలెను? ప్రొద్దుటూరులో బంగారము కొనువారు గీటురాయి మీద గీయకుండ కొనరు గదా! ఇచటను కొన్ని గీటురాళ్లు ఉన్నవి. తరగతిని మీరు కూర్చుండి చూచుటకు శిక్షకుడు సమ్మతించునా? ఆయన పరీక్షలో ఎవరైనను ఎన్నడైనను తప్పిరా? ఎవరును తప్పని పరీక్ష పరీక్ష కాదు. ఆయన గురువెవరు, ధ్రువపత్రముపై సంతకము చేయు సంస్థ యేది? ఈ విషయమున జాగ్రత్త అవసరము. 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య అప్పటి మన జాతీయ సంఘపు గుర్తింపునే నిలిపివేసినది. తుది బెల్టు వరకు అగు రుసుములన్నియు మొదటనే చెప్పుదురా? పిల్లలు పోరునపుడు చేతులకు, పండ్లకు రక్షణ సాధనములు ఉండునా?

నేలను కూడ చూడుడు. మన ఇండ్లలోను బడులలోను పరచు కడప బండలు చల్లగా ఉండును గాని ఎగిరి దూకు మోకాళ్లకు మెత్తగా ఉండవు. మట్టి నేలయో, చాపలు పరచిన నేలయో మేలు. ఎముకలు ఇంకను ఎదుగుచున్న పిల్లలచేత పెంకులు, ఇటుకలు పగులగొట్టించుట హానికరము. అది ప్రదర్శనకు పనికివచ్చునే గాని విద్యకు కొలత కాదు.

పోటీలలో రాణింపవలెనను కోరిక ఉన్నచో ఆ మార్గము వేరు. కరాటే 1994 నుండి ఆసియా క్రీడలలో కలదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో స్థానము పొంది, 2024 ప్యారిస్ క్రీడలలో దానిని కోల్పోయినది. హైదరాబాదునకు చెందిన సయ్యదా ఫలక్ అంతర్జాతీయ పోటీలలో పతకములు గెలిచి, ఈ విద్య మన బాలికలకు అందనిది కాదని చూపినది. పోటీలో గ్రుద్దునకు ఒక పాయింటు, దేహముపై తన్నునకు రెండు, తలపై తన్నునకు మూడు. అచట ఎవరును బెల్టు రంగు చూచి పాయింట్లు ఇవ్వరు.

ఇక జాబునకు సమాధానము. అయ్యా, మీ పాపను కరాటే మాన్పింపకుడు. ఒళ్లు వంగుట, ఊపిరి నిలుచుట, నలుగురిలో తలయెత్తి నిలుచుట, ఇవి ఏడాదిలోనే ఆమెకు కొంత అబ్బియుండును. అవి పోవు సొత్తు కాదు. ఈ మారు మాత్రము పరీక్ష రుసుము కట్టకుడు. నెలసరి రుసుము కట్టుచు సాధన సాగనిండు. శిక్షకునితో కోపముగా గాక, 'మా పాప ఇంకను సిద్ధముగా లేదు, ఆమెకు మరికొంత కాలము నేర్పుడు' అని చెప్పుడు. సత్పురుషుడైనచో సంతోషించును. కాదన్నచో, వేరొక గురువును వెదకవలెనని మీకు తెలియును.

అమ్మా, నీ ప్రశ్నకును సమాధానము ఇదియే. పసుపు కొమ్ము తొమ్మిది నెలలు నేలలో ఉండవలెనని నీకు మాకంటె బాగుగా తెలియును. ముందుగా త్రవ్వినచో కొమ్ము దొరకును గాని అందులో పస ఉండదు. ఐదవ కటా నీకు వచ్చు వరకు చేయుము. వచ్చిన నాడు ఎవరును చెప్పకయే నీకు తెలియును. 'నాకు ఇంకా సరిగ్గా రాదు' అని నీకు నీవే చెప్పుకొనగలిగితివి. ఆ మాట చెప్పుకొనలేని వారు నల్ల బెల్టు కట్టియు మొదటి మెట్టు ఎక్కలేదు. నీవు దాని చెంతనే ఉన్నావు.