ఆ పొగ ఎవరి ఊపిరిలోకి?

శనివారం వచ్చిందంటే హైదరాబాద్ పుప్పాలగూడలో సెలూన్లకు ఊపిరి సలపదు. హాస్టళ్లలో ఉంటూ గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులకు వెళ్లే అమ్మాయిలు, పెళ్లి దగ్గరపడ్డవాళ్లు, పిల్లల్ని ఇంట్లో అప్పజెప్పి వచ్చిన తల్లులు. కెరాటిన్, స్మూదెనింగ్, హెయిర్ బొటాక్స్, నానోప్లాస్టియా... పేరేదైనా కోరిక ఒక్కటే. ఉంగరాల జుట్టు జారుగా పడాలి.

తల కడిగి, గిన్నెలో వేసుకున్న క్రీమును బ్రష్‌తో పాయపాయకూ పట్టిస్తారు. ఆరాక 200 డిగ్రీలు దాటిన స్ట్రెయిటెనర్‌తో ఒక్కో పాయనూ మళ్లీ మళ్లీ లాగుతారు. అప్పుడు లేస్తుంది పొగ. ముక్కు మండుతుంది. ‘కళ్లు మూసుకోండి మేడమ్’ అంటుంది పనిచేసే అమ్మాయి. తను మూసుకుంటే పని సాగదు. ఏసీ కోసం తలుపులు బిగించిన గదిలో ఆ పొగ రోజంతా ఆమె ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. మనం ఏడాదికి ఒకటి రెండుసార్లు పీల్చేది ఆమెకు రోజువారీ కూలితో పాటు వచ్చేది. స్ట్రెయిటెనింగ్ గురించి మాట్లాడేటప్పుడు ఆమె ఊసే ఎవరూ ఎత్తరు. నా బాధ అదే.

చాలా క్రీముల పొగలో ఉండేది ఫార్మాల్డిహైడ్. నీళ్లలో కలిపితే ఫార్మాలిన్, అంటే శవాలు కుళ్లకుండా వాడే ద్రావణం. ఇది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. 2018 జూలైలో ఆంధ్ర చేపల్లో ఫార్మాలిన్ ఉందంటూ అస్సాం కొన్నాళ్లు దిగుమతులు ఆపేసినప్పుడు మనమంతా ఉలిక్కిపడ్డాం. చేప ముక్క దగ్గర అంత జాగ్రత్తపడ్డవాళ్లం, వేలు పోసి అదే మందును నెత్తికి పట్టించుకుంటున్నాం.

‘మాది ఫార్మాల్డిహైడ్ ఫ్రీ’ అనే బోర్డు చూసి నిశ్చింతగా కూర్చోవద్దు. 2010లో అమెరికాలోని ఒరెగాన్ అధికారులు అలాంటి మాట రాసుకున్న ఒక ఉత్పత్తిని పరీక్షిస్తే సగటున 8 శాతానికి పైగా ఫార్మాల్డిహైడ్ బయటపడింది. మిథిలీన్ గ్లైకాల్ అని లేబుల్‌పై ఉన్నా సరుకు అదే.

ఇప్పుడు ఫార్మాల్డిహైడ్ స్థానంలోకి గ్లయాక్సిలిక్ ఆమ్లం వచ్చింది. బాగా వేడెక్కితే ఇదీ ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంది. అంతకంటే భయపెట్టేది కిడ్నీల సంగతి. 2024లో ఫ్రాన్స్ వైద్యులు 26 ఏళ్ల యువతి కేసును ప్రచురించారు. 2020, 2021, 2022లో మూడుసార్లు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది. మూడుసార్లూ వాంతులు, విరేచనాలు, జ్వరం, నడుం నొప్పి, కిడ్నీలకు దెబ్బ. క్రీములో 10 శాతం గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంది. ఆ క్రీమునే ఎలుకల వీపుకు రాస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకున్నాయి. అంతకు ముందే, 2023లో, ఇజ్రాయెల్ వైద్యులు స్ట్రెయిటెనింగ్ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది వివరాలు రాశారు. వారిలో ముగ్గురికి డయాలసిస్ తప్పలేదు. మన దగ్గర ఇలా వాంతులతో పడుకున్న అమ్మాయి హాస్టల్ భోజనాన్నే అనుమానిస్తుంది. డాక్టరుకు జుట్టు సంగతి చెప్పాలని ఎలా తడుతుంది?

2022లో వెలువడిన అమెరికా అధ్యయనం మరో హెచ్చరిక. దాదాపు 33,500 మంది మహిళలను పదేళ్లకు పైగా గమనించారు. 70 ఏళ్లొచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం స్ట్రెయిటెనింగ్ ఉత్పత్తులు వాడనివారిలో 1.64 శాతం, తరచూ వాడినవారిలో 4.05 శాతం అని లెక్క తేలింది. కారణం ఫలానా రసాయనమేనని ఆ అధ్యయనం చెప్పలేదు. అయినా తేలిగ్గా తీసుకునే తేడా కాదది.

యూరోపియన్ యూనియన్ సౌందర్య సాధనాల్లో ఫార్మాల్డిహైడ్‌ను నిషేధించింది. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం డబ్బాపై పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా, విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కానీ మన కంటపడేది గిన్నె, డబ్బా కాదు.

అందుకే కుర్చీలో కూర్చునే ముందు డబ్బా చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు వద్దనుకోండి. చేయించుకున్న రెండు మూడు రోజుల్లో వాంతులు, నడుం నొప్పి వచ్చినా, మూత్రం తగ్గినా డాక్టరుకు ఈ సంగతి చెప్పి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. సెలూన్ యజమానులారా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి, తలుపులు తెరవండి, మీ అమ్మాయిలను గంటల తరబడి ఆ పొగలో నిలబెట్టకండి. లేబుల్ లేని డబ్బా కంటపడితే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫోన్ చేయండి.