వానకాలమున కడలి మునుక

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడినంతనే మధిర ప్రాంతపు రైతు మొగము విప్పారును. ప్రత్తిగింజ నాటుటకు చేలు పదునెక్కును. వైరా యేటిలో ఎర్రనీరు దిగును. ఆ ఎర్రనీరు మధిరతో ఆగదు. వైరా మున్నేటిలో కలియును. మున్నేరు కృష్ణలో కలియును. కృష్ణ విజయవాడ దాటి, దివిసీమను ఒరసికొని, హంసలదీవి కడ బంగాళాఖాతమును చేరును. ఊరి పొలముల మట్టి కొంత ఆ నీటివెంటనే పయనించి సముద్రమున పడును. రైతు చేతులు జోడించి కోరిన వానయే సముద్రపు అడుగు చూడగోరినవానికి అడ్డుతెర యగును.

సముద్రపు అడుగు చూడవలెనన్న కోరిక ఇప్పుడు అరుదైనది కాదు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను నిద్దరు, వీపున గాలిసీసా కట్టుకొన్నవానికి పీల్చినప్పుడెల్ల కావలసినంత గాలినే అందించు సాధనమును రూపొందించిరి. స్కూబా అను పేరున నేడు వ్యాపించిన విద్యకు అదియే పునాది. విశాఖపట్నము చెంత ఋషికొండ తీరమునను, అండమాను దీవులలోను, లక్షద్వీపములలోను దానిని నేర్పువారు కలరు. పది సంవత్సరములు నిండిన బాలబాలికలకు గూడ తొలిపాఠములు చెప్పుదురు. పగడపు తోటల చిత్రములను తెరపై చూచిన విద్యార్థి, 'మనము గూడ పోవచ్చునా, మాస్టారూ?' అని అడిగినచో ఉపాధ్యాయుడు కాదనలేడు. పోవచ్చును. అయితే ఎప్పుడు పోవలెనన్నదే అసలు ప్రశ్న.

మధిరలో ఒక ఉపాధ్యాయుడు ఇట్టి పయనమును నిజముగా తలపెట్టెననుకొందము. ఆయనకు దొరకు పెద్ద సెలవులు మూడు: వేసవి, దసరా, సంక్రాంతి. గమ్యము అండమాను. మధిర స్టేషనులో రైలెక్కి విజయవాడ మీదుగా చెన్నపట్టణము చేరవచ్చును; అచటినుండి విమానములు కలవు, ఓడలును కలవు. ఓడపై పయనము సుమారు మూడు దినములు. డబ్బు లెక్క వేసికొనుట అందరికి తెలిసినదే. వాన లెక్క వేసికొనువారు తక్కువ.

ఆ లెక్కలో మొదటి చిక్కు ఇది. మన యింటి వానకాలమును బట్టి దూరదేశపు వానకాలమును ఊహింపరాదు. నైరుతి ఋతుపవనము సాధారణముగా జూన్ మొదటి దినములలో కేరళ తీరమును తాకి, తరువాత మరికొన్ని దినములకు తెలంగాణమునకు వచ్చును. కాని అండమాను సముద్రమును అది మే మూడవ వారముననే చేరును. అనగా మధిరలో రోహిణీకార్తె ఎండలకు రోళ్ళు పగులుచుండగనే అండమానులో వాన ఆరంభమగును. బడులు తెరచునప్పటికి తిరిగి రావచ్చునని మే నెలాఖరున బయలుదేరిన వాడు ఎండలో రైలెక్కి వానలో ఓడ దిగును. ఒక దీవినుండి మరియొక దీవికి పోవు పడవలు, సముద్రము పొంగినప్పుడు ఆగిపోవుచుండును. స్వరాజ్ ద్వీపమున మునుక నేర్వగోరినవాడు శ్రీ విజయపురమను కొత్తపేరు గల పోర్టుబ్లెయిరులో కిటికీనుండి వానచూచుచు కూర్చుండవలసి వచ్చును.

దసరా మాటయేమి? అప్పటికి నైరుతి వెనుకకు తగ్గును గాని, ఆకాశము పూర్తిగా తేటపడదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలము. 2014లో విజయదశమి గడచిన కొలది దినములకే, అక్టోబరు 8వ తేదీన, హుద్‌హుద్ తుపాను అండమాను దీవులను దాటెను. నాలుగు దినములలో సముద్రమును గడచి 12వ తేదీన విశాఖపట్నముపై విరుచుకుపడెను. మునుకకు పేరుపొందిన ఈ రెండు తావులు ఒకే తుపాను త్రోవలో పడినవి. అండమానున ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడును. ఖమ్మము ప్రాంతపు వానకు ఇది రెండు మూడు రెట్లు. రెండు ఋతుపవనములును ఆ దీవులను తడిపిపోవుటయే దానికి కారణము.

వానవలన మునుగువానికి కలుగు నష్టమేమి? నీటిలో దిగువాడు ఎట్లును తడియును గదా అని బాలురు నవ్వవచ్చును. తడియుట కష్టము కాదు. వానతో వచ్చు గాలి అలలను లేపును. అలలలో పడవనుండి దిగుట కష్టము, తిరిగి ఎక్కుట అంతకంటె కష్టము. మబ్బు కమ్మినప్పుడు వెలుతురు తగ్గును. నీరు సహజముగనే ఎరుపు రంగును మొదట మ్రింగివేయును. కొలది మీటర్ల లోతుననే ఎర్రచేప బూడిదవన్నెగా కనిపించును. దానికి మబ్బు గూడ తోడైనచో పగడపుతోట చీకటి గది యగును. కొండలనుండి దిగిన బురద కలిసినచో చేయి చాచిన దూరము గూడ కనరాదు. తోడివాడు కనబడకుండుట నీటిలో అన్నిటికంటె పెద్ద ప్రమాదము.

కృష్ణా గోదావరుల ముఖద్వారముల కడ పెద్ద పగడపు దిబ్బలు లేకుండుటకును ఈ బురదయే ఒక కారణము. పగడపు పురుగునకు వెలుతురు కావలెను, తగినంత ఉప్పు గల తేటనీరు కావలెను. నదులు తెచ్చు మంచినీరు, ఒండ్రుమట్టి దానికి గిట్టవు. కోనసీమకు వరిపంట నిచ్చిన ఒండ్రు, కడలిలో పగడమును పెరుగనీయదు. ఒక తావున వరమైనది మరియొక తావున అడ్డంకి యగుట ప్రకృతిలో క్రొత్త కాదు.

అయినను వానకాలము అన్నిచోట్ల మునుకకు చెడ్డదని చెప్పుట తొందరపాటు. సింహళద్వీపమునే చూడుడు. మే మొదలు సెప్టెంబరు వరకు నైరుతిగాలి పడమటి తీరమును కల్లోలపరచును. అదే సమయమున నడిమి కొండల చాటుననున్న తూర్పుతీరమున, తిరుకోణమల కడ, సముద్రము ప్రశాంతముగా నుండును. ఈశాన్యపు గాలి వచ్చినప్పుడు ఈ క్రమము తారుమారగును. ఒకే దీవి, రెండు తీరములు, రెండు పంచాంగములు. మాల్దీవులలో బా అను పగడపు దీవుల వలయమున హనీఫారు అను చిన్న అఖాతము కలదు. నైరుతి కాలమున ప్రవాహములు సూక్ష్మజీవులను ఆ అఖాతమున పోగుచేయును. వానిని తినుటకు రెక్కలవంటి వాజములుగల మాంటా చేపలు గుంపులుగా వచ్చును. అచట వానకాలమే చూడదగిన కాలము. అయితే వీపున గాలిసీసాతో అందులో దిగుటకు అనుమతి లేదు. పైనుండి ఈదుచు చూడవలసినదే. మేత మేయు చేపను బెదరింపరాదన్నది అచటి కట్టుబాటు.

కనుక పయనము తలపెట్టినవాడు 'వానకాలమా, ఎండకాలమా?' అని మాత్రమే అడిగిన చాలదు. ఏ గాలి, ఏ తీరము, ఆ తీరమునకు ఏ కొండ చాటు, ఏ నది చేరువ అని అడుగవలెను. భూగోళపాఠమున పటముపై బాణపుగుర్తులుగా నేర్చుకొన్న ఋతుపవనములు అప్పుడు ప్రాణముగల విషయములగును.

గాలి లెక్క తరువాత దేహపు లెక్క. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాయుమండలపు ఒత్తిడి హెచ్చును. ఉపరితలమున ఒక లీటరుగా నున్న గాలి 10 మీటర్ల లోతున అర లీటరగును. 1662లో రాబర్టు బాయిల్ ప్రకటించిన సూత్రము ఇదియే. లోతున గుండెనిండ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో అది ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుచేత ఊపిరి ఎన్నడును బిగబట్టరాదన్నది ఈ విద్యలో మొదటి పాఠము. వానకాలమున సామాన్యమైన జలుబు గూడ ఇచట సామాన్యము కాదు. ముక్కు మూసికొనిపోయినచో చెవిలోపలి ఒత్తిడి సరిపడక కర్ణభేరికి గాయము కావచ్చును. జలుబు చేసినవాడు ఎంత దూరమునుండి వచ్చినను ఆ దినము ఒడ్డుననే ఉండవలెను.

మరియొక సంగతి. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తమునను, కండలలోను కరగును. తొందరగా పైకి వచ్చినచో సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలై పొంగును. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జె. ఎస్. హాల్డేన్ మేకలపై ఒత్తిడిగదిలో ప్రయోగములు చేసి, ఎంత లోతునుండి ఎంత నెమ్మదిగా పైకి రావలెనో చెప్పు పట్టికలను 1908లో ప్రకటించెను. ఆకాశమున ఒత్తిడి ఇంకను తక్కువ. కనుక పలుమార్లు మునిగినవాడు 18 గంటలైనను గడవక విమానమెక్కరాదు. వానవలన రెండు దినములు వృథాయైనవని కడపటి ఉదయమున మునిగి, మధ్యాహ్నమున విమానమునకు పరుగెత్తుట ప్రాణముతో చెలగాటము. వానకాలపు పయనమున ఖాళీ దినములు రెండు మూడు చేర్చుకొనుట విలాసము కాదు, అవసరము.

ఈ సంగతులన్నియు తెలిసినను మనిషిని తప్పుదారి పట్టించునది మరియొకటి కలదు. సెలవు ఖర్చైనది; సొమ్ము చెల్లించినాము; పిల్లలు ఆశపడినారు; ఇంతదూరము వచ్చి వెనుదిరుగుటయా? అను తలపు. ఈ తలపు ఎంత ప్రమాదకరమో తెలియుటకు అండమాను దాక పోనక్కరలేదు. ఖమ్మము సీమకు గోదావరియే చెప్పును.

భద్రాచలము కడ నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది చేయుదురు. 1986 ఆగష్టు 16న ఆ మట్టము 75.6 అడుగులకు చేరెను. 2022 జూలైలో 71.3 అడుగులు. భద్రాచలమునకు దిగువన పాపికొండల నడుమ నది ఇరుకై, సుడులు తిరుగును. 2019 సెప్టెంబరు 15న ఆదివారమునాడు, నది వరదతో నుండగా, పాపికొండలు చూడబోవుచున్న విహారపు పడవ ఒకటి దేవీపట్నము మండలములోని కచ్చులూరు కడ బోల్తాపడెను. అందులో నున్నవారు 77 మంది. ఒడ్డుననున్న గిరిజన గ్రామస్థులు తమ నాటుపడవలు వేసికొని పోయి అందినవారిని ఒడ్డుకు చేర్చిరి. ప్రాణములతో బయటపడినవారు 26 మంది మాత్రమే. నౌకాదళపు ఈతగాండ్రు వచ్చిరి. విపత్తు సహాయదళము వచ్చెను. ఆ వేగమునకు, ఆ బురదనీటికి, ఎంత నేర్పరియైనను అడుగుదాక పోజాలకపోయెను. వరద తగ్గిన పిదప, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము పడవను పైకి లాగగలిగెను.

ఆ పడవలోనివారు దుస్సాహసము చేయబూనినవారు కారు. ఆదివారమునాడు కుటుంబములతో కొండలు చూడబోయినవారు. నది నిండుగా నున్నప్పుడు ఇంటనుండుట గూడ పయనపు ఏర్పాటులో ఒక భాగమని ఆ దుర్ఘటన చెప్పకయే చెప్పుచున్నది. ఆరితేరినవారే దిగజాలని నీరు ఉండునని గూడ అది తెలుపుచున్నది.

మన పూర్వులకు ఈ విచక్షణ లేకపోలేదు. మన్నారు సింధుశాఖలో ముత్యములకై మునిగినవారికి గాలిసీసాలు లేవు, వాతావరణ సూచనలు లేవు. అయినను వారు రెండు ఋతుపవనముల నడిమి ప్రశాంత కాలమును, ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు గల కాలమును, ఏరుకొనిరి. పొట్టకూటికి మునిగినవారే కాలమునకై వేచియుండిరి. వేడుకకు మునుగువాడు వేచియుండలేడా?

మధిర ఉపాధ్యాయుని లెక్క ఇప్పుడు తేలినది. సంక్రాంతికి సముద్రము కుదుటపడును. కాని సెలవు కొద్ది, కనుక విమానముననే పోవలెను. ఓడపై పోగోరినచో ఏప్రిల్ నెలాఖరున వేసవి సెలవులు ఇచ్చినవెంటనే బయలుదేరి, మే నడిమికి తిరిగి రావలెను. మరి ఈ వానకాలమున చేయవలసిన పని లేదా? చాల కలదు. శిక్షణలో 200 మీటర్లు ఈదుట, 10 నిమిషములు నీటిపై తేలుట పరీక్షింతురు. ఒకప్పుడు పల్లెపిల్లలు నడుమునకు ఎండిన సొరకాయబుర్ర కట్టుకొని బావిలో ఈత నేర్చిరి. నేడు కొలనులో, నేర్పినవాని కన్నుల ఎదుట, నేర్వవచ్చును. పొంగుచున్న బావిలోను, ఏటిలోను కాదు. వైద్యునికడ చెవులు, గుండె, ఊపిరితిత్తులు చూపించుకొనవచ్చును. తరగతిగదిలో పటము తగిలించి, గాలుల రాకపోకలను నెలనెలకు గుర్తింపవచ్చును. బాయిల్ సూత్రమును సూదిలేని పిచికారితో పిల్లలచేతనే చేయింపవచ్చును.

అప్పుడు మధిర పొలములపై కురియు వాన పయనమునకు అడ్డువచ్చిన శత్రువుగా తోచదు. వైరా ఎర్రబారి, తిరిగి తేరుకొనువరకు గడువిచ్చిన గురువుగా తోచును. ఏరు తేరుకొన్న పిదప, ఏ వేసవి ఆరంభముననో, ఆ పిల్లలలో ఒకడు కడలి అడుగున పగడపుకొమ్మ చాటున దాగిన చేపను చూచును. ఊపిరి బిగబట్టక, తోడివానిని కనిపెట్టుచు, నెమ్మదిగా పైకి వచ్చి, చూచినదానిని ఇంటికడ చెప్పును. తిరిగివచ్చి చెప్పగలుగుటయే యే పయనమునకైనను ఫలము.