ఊపిరి లెక్కకు సెల్‌ఫోను

కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతములలో ఎండుమిరపను బస్తాలలో తొక్కునపుడు, మొక్కజొన్న నూర్చునపుడు లేచు దుమ్మును మీరు ఏటేటా పీల్చుచున్నారు. దీనివలన ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు వాచి క్రమముగా ఇరుకగును. అయితే నష్టము చాలవరకు జరిగిన పిదపగాని ఆయాసము తెలియదు. కనుక ఊపిరిని ముందునుండియే గమనించుకొనవలెను. ఇందుకు సెల్‌ఫోను కొంత తోడ్పడును.

ఫోను ఎట్లు గమనించును?

ఫోనును పక్కకు త్రిప్పిన తెరమీది బొమ్మ కూడ తిరుగును. కదలికను పసిగట్టు చిన్న పరికరము అందులో ఉండుటయే కారణము. పడుకొని పొట్టపై ఫోను ఉంచినచో, తగిన యాప్ ద్వారా అదే పరికరము ఊపిరిని లెక్కించగలదు. ఛాతీ కదలికను కెమెరాతో చూచి లెక్కించు పద్ధతిని గూగుల్ సంస్థ 2021లో తెచ్చినది. హైదరాబాదులోని సాల్సిట్ సంస్థవారి ‘శ్వాస’ యాప్ మైకు ద్వారా దగ్గు ధ్వనిని విని ఊపిరితిత్తుల స్థితిని అంచనా వేయును.

లెక్కించు విధము

యాప్ లేకున్నను ఫోను గడియారము చాలును. ఉదయము పనికి పోకముందు ఐదు నిమిషములు విశ్రమించుడు. పిదప పొట్ట ఎన్నిసార్లు లేచునో నిండుగా ఒక నిమిషము లెక్కించుడు. మాటలాడరాదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఇది సాధారణముగా 12 నుండి 20 వరకు ఉండును. కల్లము పని మొదలుకాకముందు మూడు దినములు, పిదప వారమునకొకసారి లెక్కించి పుస్తకములో వ్రాసికొనుడు.

లెక్క పెరిగి తగ్గకున్నను, పిల్లికూతలు వచ్చినను వైద్యునికి చూపవలెను. విశ్రాంతిలో 25 దాటినను, పెదవులు నీలిరంగుకు మారినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. దగ్గు రెండు వారములు మించినచో ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితముగా చేయుదురు.

ఒక హెచ్చరిక

లెక్క సరిగా ఉన్నంతమాత్రమున ఊపిరితిత్తులు బాగున్నవని తలచరాదు. రోగము తొలిదశలో ఈ లెక్క మారకపోవచ్చును. పైరు ఆకు పసుపెక్కుట నత్రజని లోపము వలననో, నీరు నిలుచుట వలననో కావచ్చును. కంటితో చూచినంతనే తేల్చలేము. ఫోను చెప్పునదియు అట్టిదే. లోపమును తేల్చుటకు గాలిని బలముగా ఊది కొలుచు స్పైరోమీటరు పరీక్ష చేయించుకొనవలెను. ఏండ్ల తరబడి దుమ్ములో పనిచేసినవారు, పొగత్రాగువారు, దగ్గు లేకున్నను ఈ పరీక్ష విషయమై వైద్యుని అడుగుట మంచిది.

అన్నిటికంటె దుమ్మును తప్పించుకొనుట మేలు. గాలి మీ వీపువైపునుండి వీచునట్లు నిలిచి పనిచేయుడు. సన్నని దుమ్మును తువాలు ఆపలేదు గనుక ఎన్-95 మాస్కును ముఖమునకు బిగువుగా ధరించుడు. కూలీలకును ఇప్పించుడు, వారు పీల్చునదియు ఆ దుమ్మే.