డబ్బు రెట్టింపు మాట నమ్మొచ్చా?

అక్కలారా, "వంద కట్టండి, నెలన్నరకు నూటయాభై ఇస్తాం" అని ఎవరైనా వస్తే మొదట నమ్మం. కానీ పక్కింటి వదిన కట్టింది. ఆమెకు నూటయాభై వచ్చాయి. ఇక మనకూ ఆశ పుడుతుంది.

1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చార్లెస్ పాంజీ అనే అతను ఇదే చేశాడు. 45 రోజుల్లో నూటికి యాభై లాభం ఇస్తానన్నాడు. వేలమంది కట్టారు. ముందు కట్టినవారికి డబ్బు వచ్చింది. ఎక్కడిది? వెనక కట్టినవారిదే. ఆగస్టులో గుట్టు బయటపడింది. పాంజీ జైలుకు పోయాడు. చాలామంది డబ్బు మునిగింది.

ఇలాంటి స్కీముల్లో మనుషుల్ని చేర్పించినవారికి కమీషన్ ఇస్తారు. అందుకే మన చుట్టాలే వచ్చి చెబుతారు. చాలామంది తామూ నమ్మే చెబుతారు. చుట్టం మాట కాబట్టి మనం కాదనలేం. కొత్తవాళ్లు రావడం ఆగిందా, ఇవ్వడానికి డబ్బు ఉండదు. చివర చేరినవారే మునుగుతారు. ఇలా మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీములను మన దేశంలో 1978 చట్టం నిషేధించింది.

కాబట్టి ఒక్క మాట అడగండి: "ఈ లాభం ఏ పని వల్ల వస్తుంది?" జవాబు "ఇంకో ఇద్దరిని చేర్పించండి" అయితే, పైసా కూడా కట్టొద్దు. కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు.