కంప్యూటరు మారితే తప్పుతున్న లెక్క
ఎక్సెల్ సూత్రాలు అన్నిచోట్లా ఒకే రీతిగా పనిచేయవు

పాల బిల్లు చేతికి రాగానే రైతు అడుగున ఉన్న మొత్తం చూసుకుని సంతకం పెడతాడు. ఆ మొత్తం ఎలా వచ్చిందని అడిగేవారు తక్కువ. కంప్యూటరు వేసిన లెక్క తప్పెందుకవుతుందన్నది చాలామంది నమ్మకం. కాని కంప్యూటరు తనంత తాను లెక్క వేయదు. ఎవరో ఒకరు రాసిపెట్టిన సూత్రం ప్రకారమే వేస్తుంది. ఆ సూత్రం ఒక కంప్యూటరులో ఉండి మరొక దానిలో లేకపోయినా, ఉండి వేరే విధంగా పనిచేసినా లెక్క తారుమారవుతుంది. అప్పుడు నష్టపోయేది బిల్లు అందుకున్నవాడే.

పాల కేంద్రాలు, పొదుపు సంఘాలు, ధాన్యం మిల్లులు, ఎరువుల దుకాణాలు - చాలా చోట్ల చిట్టా పుస్తకం పోయి కంప్యూటరులో గళ్ళ పట్టిక వచ్చింది. ఇటువంటి పట్టికలలో మొదట పేరు తెచ్చుకున్నది 1979లో అమెరికాలో వచ్చిన విజికాల్క్. మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ 1985లో వచ్చింది. ఒక గడిలో పాల తూకం, మరో గడిలో వెన్న శాతం వేస్తే, మూడో గడిలో సొమ్ము పడుతుంది. మూడో గడి వెనుక సూత్రం దాగి ఉంటుంది.

సొంత సూత్రం అంటే

కూడిక, సగటు వంటి సూత్రాలు ఎక్సెల్‌లోనే ఉంటాయి. లేనివాటిని మనమే తయారుచేసుకోవచ్చు. మన గుమాస్తాలకు బాగా తెలిసిన ఉదాహరణ, అంకెను అక్షరాలలో రాసే సూత్రం. బిల్లు మీద 1,25,000 అని వేసి పక్కన 'లక్షా ఇరవై అయిదు వేల రూపాయలు' అని రాయాలి. థాయిలాండు వారి 'బాత్' నాణేనికి ఇటువంటి సూత్రం ఎక్సెల్‌లోనే ఉన్నది. మన రూపాయికి లేదు. మైక్రోసాఫ్ట్ నమూనాగా ఇచ్చిన సూత్రం డాలర్లకు సంబంధించినది. అది లక్ష అనదు, నూరు వేలు అంటుంది. అందువల్ల తెలిసినవారు దానిని లక్షలకు, కోట్లకు తగినట్టు మార్చి వాడుతున్నారు. పాల ధర కట్టడానికి, వడ్డీ కట్టడానికి కూడా ఇలాగే సొంత సూత్రాలు రాసుకున్నవారున్నారు.

నేతి బీరకాయ చందం

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఇలా మాక్రోగా రాసుకున్న సూత్రం ఎక్సెల్ మొత్తానికి తెలియదు. రాసిన ఫైలులోనో, రాసిన కంప్యూటరులోనో మాత్రమే ఉంటుంది. 'ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్' రకం ఫైలుగా దాచితే మాక్రో దానిలో నిలవదు. 'ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్' రకంగా దాచాలి. అలా దాచినా, వాట్సాప్‌లో పంపిన ఫైలును సెల్‌ఫోనులో తెరిస్తే ఆ మాక్రో నడవదు. గూగుల్ షీట్స్‌లోనూ నడవదు. అక్కడ సొంత సూత్రాలు వేరే భాషలో రాయాలి. గడిలో సూత్రం పేరు కనిపిస్తుంది, పని మాత్రం ఉండదు. నేతి బీరకాయలో నెయ్యి ఉన్నంతే. లెక్క మళ్ళీ వేయమన్నప్పుడు అంకెకు బదులు హాష్ గుర్తుతో 'నేమ్?' అని పడుతుంది. నాకు ఆ పేరు తెలియదని కంప్యూటరు చెప్పుకోవటమే అది.

కొత్త సూత్రం, పాత కంప్యూటరు

సొంతంగా రాయని సూత్రాలకూ ఈ బెడద తప్పదు. ధరల పట్టికలో వెన్న శాతాన్ని వెతికి ధర తెచ్చే 'ఎక్స్-లుకప్' సూత్రాన్ని మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించింది. ఎక్సెల్ 2021లో అది ఉన్నది. 2016, 2019 ఎక్సెల్‌లలో లేదు. గూగుల్ షీట్స్‌లో 2022లో, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో 2024లో వచ్చింది. కొత్త ఎక్సెల్‌లో చేసిన ఫైలును పాతదానిలో తెరిస్తే మొదట అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. వెనకటి జవాబు అలాగే నిలిచి ఉంటుంది. మళ్ళీ లెక్క వేయించేసరికి బండారం బయటపడుతుంది.

పాత 'వి-లుకప్' ఎక్కడైనా నడుస్తుంది గాని, దానికీ ఒక మెలిక ఉన్నది. సూత్రంలో చివరి మాట రాయకుండా వదిలితే అది దగ్గరి అంకెతో సరిపెట్టుకుంటుంది. పట్టికలో 6.4, 6.5 ఉండి రైతు పాలు 6.45 వస్తే 6.4 ధరే కడుతుంది. పట్టిక చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుసగా లేకపోతే ఏ ధర తెస్తుందో చెప్పలేము. ఎక్స్-లుకప్ అయితే అచ్చంగా అదే అంకె దొరకనప్పుడు లేదని చెప్పేస్తుంది.

తప్పును కప్పిపుచ్చే సున్నా

గడిలో తప్పు కనిపిస్తే బిల్లు అందంగా ఉండదని కొందరు 'ఇఫ్ ఎర్రర్' అనే సూత్రం తొడుగుతారు. ఎక్సెల్ 2007లో వచ్చిన సూత్రమిది. తప్పు వస్తే సున్నా వేయమని దానికి చెబుతారు. అప్పుడు ఒక రైతు పేరు ఎదుట సున్నా పడుతుంది. అడుగున మొత్తం మాత్రం చక్కగా వచ్చేస్తుంది. వందమంది సభ్యుల జాబితాలో ఆ ఒక్క సున్నాను పట్టుకునేదెవరు? తప్పు కళ్ళకు కనిపించటమే మేలు. ఆ వరుసలో తప్పు ఉంటే మొత్తం కూడా పడదు, గుమాస్తా ఆగి చూస్తాడు.

అర్ధరూపాయి దగ్గర తేడా

చిల్లరను రూపాయికి సవరించేటప్పుడు మరో వింత ఉన్నది. ఎక్సెల్ గడిలో 'రౌండ్' సూత్రం వాడితే 262 రూపాయల 50 పైసలు 263 అవుతుంది. మాక్రో రాసే విజువల్ బేసిక్ భాషలోనూ 'రౌండ్' ఉన్నది. పేరొకటే, తీరు వేరు. సరిగ్గా సగం వచ్చినప్పుడు అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. అదే సొమ్మును 262 చేస్తుంది. 263 రూపాయల 50 పైసలయితే రెండూ 264 అనే అంటాయి. కాబట్టి ఒకసారి కలుస్తాయి, ఒకసారి విడిపోతాయి. రూపాయే కదా అనుకోవచ్చు. సంఘం పుస్తకానికీ, రైతు చీటీకీ పొంతన కుదరక తగాదా వచ్చేది ఆ రూపాయి దగ్గరే.

ఇంగ్లండులో జరిగినది

చదువూ సాధనాలూ ఉన్నవారికీ ఈ పొరపాటు తప్పలేదు. 2020లో కోవిడ్ కాలాన ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ రకం ఫైలులోకి ఎక్కించింది. ఆ పాత రకంలో 65,536 వరుసలే పడతాయి. 2007 నుంచి వచ్చిన రకంలో 10,48,576 వరుసలు పడతాయి. చోటు చాలక 15,841 మంది రోగుల వివరాలు లెక్కలోకి రాలేదు. వారితో కలిసి తిరిగినవారిని హెచ్చరించటం ఆలస్యమయింది.

గుమాస్తాలు ఏం చేయాలి

నాలుగు చోట్ల తెరవవలసిన ఫైలులో కూడిక, 'ఇఫ్', 'ఇండెక్స్', 'మ్యాచ్' వంటి పాత సూత్రాలతోనే పని గడుపుకోవటం క్షేమం. సొంత సూత్రం తప్పనిసరి అయితే, చేత్తో లెక్కకట్టిన రెండు మూడు వరుసలను పట్టిక పైన ఉంచుకోవాలి. కంప్యూటరు మారినప్పుడల్లా ముందు వాటిని సరిచూడాలి. సూత్రం ఏం చేస్తుందో తెలుగులో ఒక పుస్తకంలో రాసి పెడితే, గుమాస్తా మారినా పని ఆగదు. సభ్యులకు ఫైలు కాక అచ్చు చీటీయో, పీడీఎఫ్ ప్రతియో ఇవ్వాలి. అందులో అంకెలు మారవు. ఊరూ పేరూ తెలియనివారు పంపిన మాక్రోను నడపరాదు. వైరసులు ఆ దారినే వస్తాయి. ఇంటర్‌నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందుగానే ఆపివేస్తున్నది.

రైతులు ఏం చూడాలి

రైతుకు కంప్యూటరు రానక్కరలేదు. వెన్నను బట్టి ధర కట్టే చోట లెక్క నోటితోనే వేసుకోవచ్చు. 6.5 శాతం అంటే కిలో పాలలో 65 గ్రాముల వెన్న. ఎనిమిది కిలోల పాలలో 520 గ్రాములు. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున అనుకుంటే 416 రూపాయలు రావాలి. వెన్న తీయగా మిగిలే ఘనపదార్థాలకూ ధర కట్టే కేంద్రమయితే ధరల పట్టిక అడిగి దగ్గర పెట్టుకోవాలి. బిల్లులో ఒక్క పూట లెక్క సరిచూసినా సూత్రం మంచిదో కాదో కొంత తెలిసిపోతుంది. కేంద్రంలో కంప్యూటరు మార్చారని, గుమాస్తా మారాడని తెలిసినప్పుడు ఆ మొదటి బిల్లును తప్పకుండా సరిచూసుకోవాలి.